సాయానికి చేయి చాపే ముందు

ఈ సలహాలు వినగానే రాతిగుండె మాటల్లా తోస్తాయి. అయినా చెప్పి తీరాలి. మన ఊళ్లలో సాయం చేసేవాళ్లకు కరువు లేదు. ఎదుటిమనిషికి ఏం కావాలో వినే ఓపికకే కరువు.

అంధుల్ని రోడ్డు దాటించకండి. అమీర్‌పేటలో తెల్ల కర్రతో ఒకాయన నిలబడి ఉంటాడు. ఎవరో వెనక నుంచి వచ్చి "రండి సార్, దాటిస్తా" అంటూ రెక్క పట్టుకుని లాక్కుపోతారు. ఆయన నిలబడ్డది బస్సు కోసం! ఇప్పుడు ఆ ట్రాఫిక్‌లో మళ్లీ ఇటు రావాలి. నిజంగా దాటేవాడే అయినా అలా లాగకూడదు. బళ్ల చప్పుడు ఎటు పోతోందో వింటూ ఆయన దిక్కు గుర్తుపెట్టుకుంటాడు. ఒక్క గుంజుడుతో అది తప్పిపోతుంది. కర్ర పట్టుకుని నడిపించడమైతే మరీ ఘోరం. పక్కకు వెళ్లి, "నేనూ అటే, కలిసి దాటుదామా?" అనండి. సరేనంటే మోచేయి అందించండి. మోచేతికి కాస్త పైన పట్టుకుని అరడుగు వెనక నడుస్తాడు. మీరు ఫుట్‌పాత్ ఎక్కగానే మీ చేయి లేచిన తీరును బట్టి మెట్టుందని తెలుసుకుంటాడు. వద్దంటే నొచ్చుకోకుండా వెళ్లిపోండి. అవసరం ఆయనది, నిర్ణయమూ ఆయనదే.

ఫిట్స్ వచ్చినవాళ్లను పట్టుకోకండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య స్పూను దూర్చడం, ముఖాన నీళ్లు కొట్టడం మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి. ఇనుము తగిలితే ఫిట్స్ ఆగవు. స్పూనుతో పళ్లు విరుగుతాయి. నాలుక మింగేస్తారన్నది ఒట్టి భయం. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ గట్టిగా అదిమితే కీళ్లు తప్పవచ్చు. చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూడండి. కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. తెలివి వచ్చేటప్పటికి చుట్టూ గుంపుంటే ఆ మనిషికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనవుతుంది. జనాన్ని పంపేయండి.

వరద బాధితులకు పాత బట్టలు పంపకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడులో అలా వచ్చిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడిపోయాయి. ఏం కావాలో అక్కడివాళ్లను అడగండి, లేదా డబ్బు పంపండి.

చావింట్లో "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అనకండి. మంచి మాటే, కానీ ఏం కావాలో ఆలోచించే బరువు మళ్లీ వాళ్ల నెత్తినే పడుతుంది. ఆ పూట భర్త పోయిన మనిషి నోరు తెరిచి ఏమని అడుగుతుంది? మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ ఇంట పొయ్యి వెలగదని ఇరుగుపొరుగే వండి తెచ్చేవారు. "వదినా, ఏడింటికి ఇడ్లీలు పంపుతున్నా, ఇంట్లో ఎంతమంది ఉన్నారు?" అనండి చాలు. అయితే సర్దిపెడదామని పోయినాయన కళ్లజోడు, మందుల డబ్బా, చొక్కాలు ముట్టుకోకండి. ఎప్పుడు తీయాలో ఆవిడే చెబుతుంది.

ఇంత చెప్పాను కదా అని రోడ్డు ప్రమాదంలో పడ్డ మనిషి దగ్గర మాత్రం చేతులు కట్టుకుని నిలబడకండి. అక్కడ అడగడానికి వ్యవధి ఉండదు. ముందు 108కి చెప్పండి. రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టండి. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకండి. వెన్నెముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు కాబట్టి మంటలో, వచ్చేపోయే బళ్ల దారిలో ఉంటే తప్ప కదిలించకండి. కేసుల భయంతో వెనక్కి తగ్గనక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సదుద్దేశంతో ఆదుకున్నవారికి రక్షణ ఇస్తోంది. పేరు, ఫోన్ నంబరు చెప్పి తీరాలని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు.