చివరి చిటికెడు బావగారు

కూర వండేవాళ్ళు వేరు, కూర నాదనేవాళ్ళు వేరు. రెండో రకం మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. మావైపు ఆ పదవి చాలాకాలంగా మా అక్క మొగుడు, అంటే మా బావగారి చేతిలో ఉంది. పోటీ లేకపోలేదు. మా పెద్ద మావయ్య కొన్నాళ్ళు ప్రయత్నించాడు గానీ, బీపీ వచ్చి డాక్టరు ఉప్పూకారం తగ్గించమనేసరికి ఆయన అర్హత పోయింది.

బావగారు ఉల్లిపాయ తరగరు. ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని మటన్ కొట్టు ముందు నిలబడరు. తొడ ఇమ్మంటే మెడ కలుపుతున్నాడని కొట్టువాడితో తగువాడరు. అల్లం చెక్కు తియ్యరు, వెల్లుల్లి ఒలవరు. ఇవన్నీ అయి, ముక్క ఉడికి, కూర దగ్గరపడి, నూనె పైకి తేలే వేళకి మా గేటు చప్పుడవుతుంది. చెప్పులు విడుస్తూనే, "ఏవోయ్, ధనియాలు కాస్త మాడినట్టున్నాయే" అంటారు. పలకరింపు అదే. బాగున్నారా, పిల్లల చదువులెలా ఉన్నాయి వగైరాలు భోజనం అయ్యాకే.

అక్కణ్ణుంచి సరాసరి వంటింట్లోకి. కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మూత తీస్తారు. ఆవిరి మొహానికి కొట్టనిచ్చి, కళ్ళు మూసుకుని, డాక్టరు స్టెతస్కోపు పెట్టినప్పుడు రోగి ఇంటివాళ్ళు ఎలా ఊపిరి బిగబడతారో అలా మమ్మల్నందర్నీ నిలబెడతారు. ఆ తరవాత ఆ మాట వస్తుంది. "ఏదో తగ్గింది."

ఏం తగ్గిందో చెప్పరు. చెప్తే మనం వేసుకుంటాం కదా. చొక్కా జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీస్తారు. ఒకప్పుడది వక్కపొడి డబ్బా. వక్కపొడి మానేశారు గానీ డబ్బాని మాత్రం పదవీ విరమణ చెయ్యనివ్వలేదు. అందులోంచి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఓ చిటికెడు తీసి, గిన్నె మీద జానెడెత్తున వేళ్ళు నలిపి రాలుస్తారు. గరిటె రెండుసార్లు తిప్పి, మూతపెట్టి, "అయిదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకండి" అని హాల్లోకొచ్చి పేపరు అందుకుంటారు.

అయిపోయింది. ఆ క్షణం నుంచి ఆ కూర ఆయనది. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డది మా ఆవిడ, లైన్లో నిలబడ్డది నేను, గ్యాసు బిల్లు మాది. విస్తట్లో ముక్క నోట్లో పెట్టుకున్న చుట్టం ఎవరైనా "అబ్బ, ఏముందండీ!" అంటే చాలు, బావగారు తలవంచుకుని, కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడి, "ఏదోలెండి" అంటారు.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది? అడిగితే గడగడా చెప్తారు. లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, షాజీరా, జాపత్రి, అనాసపువ్వు, మరాఠీమొగ్గ, రాతిపువ్వు. ఇన్నీ చెప్పి, "ఇంకోటుంది" అని ఆగుతారు. ఆ ఇంకోటి ఏమిటో ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. జాజికాయేనని నా అనుమానం. పిసరు ఎక్కువైతే తిన్నవాడికి మత్తూ వికారమూ వస్తాయని భయపెట్టేది దాని గురించే కాబట్టి. మా ఆవిడ అనుమానం ఇంకా లోతైనది. అసలు ఇంకోటి లేదంటుంది.

ఆయనతో బేగంబజార్ వెళ్ళినవాళ్ళకి మాత్రం ఆయనంటే ఓ రకమైన గౌరవం పుడుతుంది. భయం అన్నా తప్పులేదు. దాల్చినచెక్క అడుగుతారు. కొట్టువాడు దళసరి బెరడు ముక్కలు చూపిస్తాడు. బావగారు ఓ ముక్క విరిచి, వాసన చూసి, కొరికి, "ఇది చెట్టు బెరడయ్యా, చెక్క కాదు" అంటారు. మన బజార్లలో ఎక్కువగా దొరికేది కాసియా అనే దళసరి రకం. సిలోన్ చెక్క కాగితంలా పల్చగా, పొరల మీద పొరలుగా చుట్టుకుని, చేత్తో నలిపితే పొడైపోతుంది. ఈ తేడా అంతా ఆయన కొట్టువాడికి వివరిస్తారు, కొట్టువాడి తాత కూడా ఆ వ్యాపారంలోనే ఉన్నాడన్న సంగతి పట్టించుకోకుండా. చివరికి కొనేది కాసియానే. "మాంసానికి ఆ మొరటుదనమే కావాలోయ్, సిలోన్‌ది పాయసానికి" అంటారు. మరి ఆ ఉపన్యాసం ఎందుకయ్యా అంటే, తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరట.

రాతిపువ్వు దగ్గర ఆయన కంఠం మారుతుంది. రాళ్ళమీదా చెట్ల బెరళ్ళమీదా పాకే ఆ నల్లటి చచ్చుపొరని, చూస్తే చీపురుతో ఊడ్చేయాలనిపించే దాన్ని, ఆయన పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తీసుకుంటారు. అరచేతిలో ఉన్నంతసేపూ దానికి చెప్పుకోదగ్గ వాసనుండదు. వేడి నూనెలో పడ్డాకే దాని ప్రతాపం. "మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటారోయ్" అని నావైపు చూస్తారు. అది నన్ను మెచ్చుకోవడమో, ఇంకా నూనెలో పడలేదనడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్యాకెట్టు మసాలా ఎవరింట్లోనైనా కనబడిందా, కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు సన్నక్షరాలు చదువుతారు. "మొదట ఏం రాశాడు? ధనియాలు. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలని రూలు. అంటే నువ్వు మసాలా రేటుకి ధనియాలు కొన్నావ్." ఈ ఒక్క విషయంలో ఆయన్ని ఎదిరించే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే ఆ రూలు నిజమే.

ఆ మాటకొస్తే ఆయన చెప్పేవాటిలో సగానికి సగం నిజాలే. అదే చిరాకు. లవంగం, యాలకుల్లాంటి వాటి పరిమళమంతా వాటిలోని తైలాల్లో ఉంటుంది, అది వేడికి ఎగిరిపోయే సరుకు. పొడి కొట్టి గంటసేపు ఉడికిస్తే వీధి వీధంతా ఘుమఘుమలాడుతుంది, కూర మాత్రం చప్పబడుతుంది. అందుకే గరంమసాలా దించేముందు వేస్తారు. ధనియాలపొడీ పసుపూ కారమూ ముందు నూనెలో వేగాలి, అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోవాలి, గసగసాలూ కొబ్బరీ నూరిన ముద్ద మధ్యలో పడి చిక్కదనం ఇవ్వాలి, ఘాటు ఆఖర్న రావాలి. ఈ వరసంతా మా ఆవిడకీ తెలుసు, ఆవిడ తల్లికీ తెలుసు, తెలుగుదేశంలో మాంసం వండే ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెలిసినదాన్ని ఉపన్యాసంగా చెప్పినవాడు మా బావగారొక్కడే.

కారం దగ్గర ఆయన బొత్తిగా రాజీపడరు. పల్నాడు మనిషి. "రంగుకి బ్యాడగి, మంటకి తేజ, రుచికి గుంటూరు సన్నం" అని మూడూ కలిపి పట్టిస్తారు. మా ఆవిడది వరంగల్. వాళ్ళవైపు చపాటా మిరప లావుగా, ఎర్రగా, టమాటా బంధువులా ఉంటుంది, రంగు బోలెడు, మంట తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు వచ్చిందని మా ఆవిడ పేపర్లో చూపించింది. బావగారు పేపరు పూర్తిగా చదివి, మడతపెట్టి, "గుంటూరుకి ఎప్పుడో వచ్చిందమ్మా" అని మాత్రం అన్నారు. ఆ పూట చిటికెడు కాదు, రెండు చిటికెలు వేశారు.

ఓసారి మా మేనల్లుడు, అంటే ఆయన కొడుకే, కాలేజీ రోజుల్లో ఓ బాంబు పేల్చాడు. మిరపకాయ అసలు మన దేశానిదే కాదు, అమెరికా ఖండాలది, పోర్చుగీసువాళ్ళు పట్టుకొచ్చారు, అయిదొందల ఏళ్ళకి మించి ఇక్కడ లేదు, అంతకుముందు ఘాటంతా మిరియాలదే అన్నాడు. బావగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడితో అనవలసిన మాటేనా అది? కాసేపు మౌనం. అన్నంలో పెరుగు కలుపుతూ, ఉన్నట్టుండి వెలిగిపోయారు. "అదన్నమాట! శ్రీనాథుడు మా పల్నాటి జొన్నకూడు మీద చాటువుల్లో అన్నేసి మాటలు అన్నాడంటే, పాపం, అప్పటికింకా మిరపకాయ రాలేదురా!" సాహిత్య చరిత్రలో ఈ కోణం ఎవరూ చూడలేదని నేను ఒప్పుకుంటున్నాను.

ఆయన పప్పులుడకని కూరలు రెండున్నాయి. ఒకటి గోంగూర మాంసం, రెండోది చింతచిగురు మాంసం. పులుపే రాజుగా ఉండాల్సిన చోట మసాలా పెత్తనం చేస్తే రెండూ చెడతాయి. ఇది ఆయనకీ తెలుసు, పదిమందికీ చెప్తారు కూడా. కానీ చెయ్యి ఊరుకోదే! మొన్న వేసవిలో మా ఆవిడ వంటింటి గుమ్మంలోనే ఆపింది. "అన్నయ్యా, ఇయ్యాల చింతచిగురు కూర. దీంట్ల మసాలా పడదు. డబ్బా జేబులనే ఉంచుండ్రి." బావగారు బుద్ధిగా తలూపారు. డబ్బా బయటికి రాలేదు. భోజనాల దగ్గర అందరూ కూర కలుపుకుంటున్నారు. నాకు కుడివైపు కూచున్నారాయన. నా కంచం మీద ఏదో నీడ ఆడింది. "వద్దు బావగారూ" అనేలోపల రాలిపోయింది. గిన్నెలో వెయ్యొద్దన్నారు గానీ కంచంలో వద్దన్నారా అని ఆయన వాదన. తరవాత పంక్తి పొడుగునా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తలో చిటికెడు పంచారు.

ఇక్కడ అక్క గురించి చెప్పాలి. ఆ డబ్బాలో పొడి ఎవరు చేస్తారనుకున్నారు? సరుకులు ఆయన తెస్తారు, నిజమే. రాతిపువ్వులో ఇసకా పుల్లలూ ఏరేది అక్క. ఎండబెట్టేది అక్క. విడివిడిగా, సన్నసెగ మీద, ఒక్కోటీ దాని వాసనొచ్చేదాకా వేయించేది అక్క, ఎందుకంటే లవంగం వేగేసరికి షాజీరా మాడిపోతుంది. దంచేది, జల్లించేది, డబ్బాలో నింపేది కూడా అక్కే. ఆయన చేసేది మూత తియ్యడం. ఈ సంగతి నేను పదిమందిలో బయటపెడితే అక్క నన్నే కసిరింది. "పోనీలేరా, ఆయనకి మాత్రం ఇంకేం సరదా ఉందని!" కరెంటు ఆఫీసులో ముప్పయ్యేళ్ళు ఒకరు రాసిన ఫైలు మీద తుది సంతకం పెట్టి రిటైరైన మనిషి. ఇంటికొచ్చాక సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలిగా.

నేనూ తక్కువ తినలేదు. ఈమధ్య పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు వంటవాళ్ళ షెడ్డువైపు కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. డేగిసా మూత తీయించి, ఆవిరి పీల్చి, "పొట్లీ వేశారా?" అని అడుగుతున్నాను. పాత హైదరాబాదు వంటల్లో వట్టివేళ్ళూ ఎండు గులాబీరేకులూ గుడ్డలో మూటకట్టి మరిగే రసంలో వదుల్తారే, అది. అది ఏ వంటకానికి వెయ్యాలో, దేనికి వెయ్యకూడదో నాకు పూర్తిగా తెలీదు. కానీ అడిగితే వంటవాడు నిలబడి జవాబు చెప్తాడు. ఆ నిలబడటంలో ఏదో ఉంది. జేబులో డబ్బా మాత్రం ఇంకా పెట్టుకోలేదు.

మేనల్లుడిప్పుడు దుబాయ్‌లో ఉద్యోగం. వాడు వెళ్ళేటప్పుడు బావగారు తన మసాలా అరకిలో, దానితోపాటు గసగసాలు పావుకిలో కట్టించారు. అక్క ఆఖరి నిమిషంలో చూసి గసగసాలు తీసేసింది. నల్లమందు మొక్క గింజలవి. ఇక్కడ మనకి నాటుకోడి పులుసులోకి మామూలు సరుకే గానీ, అక్కడ నిషిద్ధం, సంచీలో దొరికితే జైలుదాకా పోవచ్చు. తెలియక పట్టుకెళ్ళి చిక్కుల్లో పడ్డవాళ్ళ వార్తలు ఎన్నోసార్లు వచ్చాయి కూడా. బావగారు మాత్రం కోడిపులుసు చిక్కదనం మీద ఇంకో దేశం పెత్తనం ఏమిటని విమానం ఎగిరేదాకా గొణిగారు. వాడు జీడిపప్పు నూరి సర్దుకుంటున్నాడు. ఆ మాట ఆయన దగ్గర ఎవరం ఎత్తం.

సెలవు రోజున వాడు మటన్ వండుకుంటాడు. మసాలా ఎప్పుడో అయిపోయింది, అక్కడ సూపర్‌మార్కెట్లో దొరికే పొడి వేస్తున్నాడు. కూర దగ్గరపడే వేళకి వీడియో కాల్ మోగుతుంది. ఫోను మోగించేది వాడు కాదు, ఈయన. మొన్న నేనక్కడే ఉన్నాను.

"కెమెరా గిన్నె మీదకి తిప్పరా... మూత తియ్యి... ఇంకాస్త దగ్గరికి... ఊఁ. ఏదో తగ్గింది."

"వాసన రాకుండా ఎలా తెలిసింది నాన్నా?"

"నీకెందుకు? పొడి తీసుకో. చిటికెడే. ఎత్తునుంచి రాల్చు. ఆగు, ఇప్పుడు కాదు... నేను ఒకటీ రెండూ మూడూ అంటాను, మూడనగానే వెయ్యి."

వాడు వేశాడు. ఇక్కడ హైదరాబాదులో సోఫాలో కూచుని బావగారు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఫోను మీద నలిపారు. ఆ సాయంత్రం వాకింగ్‌లో ఎదురైన నలుగురికీ, దుబాయ్‌లో ఆ రోజు తను మటన్ వండిన సంగతి చెప్పారు.