వాడుకలో లేని మాట

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా ఆయన నోట ఇంగ్లిషు మాటలకు కొదవ లేదు. బానెట్టు, క్లచ్చు, డిక్కీ, స్టెప్నీ, మడ్‌గార్డు... గ్రీజు చేతులతో, మేస్త్రి తిట్ల మధ్య నేర్చుకున్న ఇంగ్లిషు అది. ఆ ఇంగ్లిషుతోనే ఇల్లు నడిపాడు, కొడుకుని డాక్టరు చదివించాడు. అందుకే నాకు ఆ మాటలంటే గౌరవం.

ఆ కొడుకు, అంటే మా తమ్ముడు, ఇప్పుడు వేల్స్‌లోని స్వాన్సీలో ఉంటాడు. నేను అక్కడికి గంట దూరంలో, కార్డిఫ్‌లో ఉంటాను. పోయిన వేసవిలో బాబాయీ పిన్నీ వచ్చారు. ‘మనవడి మొదటి పుట్టినరోజు, మీరు లేకుండా ఎలా’ అని తమ్ముడే టికెట్లు పంపాడు. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా బాబాయి గొంతు కాస్త పెరిగేది.

ఓ ఆదివారం నేను వెళ్లేసరికి సామాన్లు దించుతున్నారు. పక్కింటాయన సాయం పట్టబోతే బాబాయి మర్యాదగా, “డిక్కీ ఓపెన్ సార్” అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాడు.

తమ్ముడు లోపలికొచ్చాక మొదలెట్టాడు. “బూట్ అనాలి నాన్నా. డిక్కీ, స్టెప్నీ... ఇవన్నీ దొరల కాలం నాటి మాటలు. ఇక్కడ ఎవరూ వాడరు. నలుగురిలో అంటే బాగుండదు.”

బాబాయి ఏమీ అనలేదు. ఆ పూట అన్నం దగ్గర కూడా పెద్దగా మాట్లాడలేదు. ఆయన్ని అలా చూడటం నాకు బాధనిపించింది. ఎందుకంటే తమ్ముడి మాట సగమే నిజం. పాతకాలం కార్లకు వెనకవైపు మూతలా తెరుచుకునే చిన్న సీటు ఉండేది, దాన్ని డిక్కీ అనేవారు. ఆ సీటు పోయింది, ఇక్కడ దాంతోపాటు మాటా పోయింది. మనవాళ్లు మాత్రం దాన్ని సామాన్లు పెట్టుకునే చోటికి అంటించి బతికించుకున్నారు. రేడియోని ఒకప్పుడు ఇక్కడ వైర్‌లెస్ అనేవారు. తాతల కాలం మాటని పక్కన పెట్టేశాక, ఇంటర్నెట్ పుణ్యమా అని అది కుర్రాళ్ల నోట్లోకి మళ్లీ వచ్చింది. రెండు వారాలకు వాడే ఫోర్ట్‌నైట్ అమెరికావాళ్లకు పాత పుస్తకంలో మాట, బ్రిటన్‌లో మాత్రం అది రోజూ నలిగే మాట. ఏ మాటకు కాలం చెల్లిందో చెప్పాలంటే, ఏ ఊళ్లో అని ముందు అడగాలి.

స్టెప్నీ సంగతైతే ఇంకా గొప్పది. అది పుట్టిన ఊరు స్వాన్సీకి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పేరు లానెల్లి. ఒకప్పుడు తగరపు రేకులకు పేరు మోసిన ఊరు. తర్వాతి శనివారం పిన్ని బాబుని నిద్రపుచ్చుతుంటే, బాబాయిని నా కారులో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్లాను. ఎందుకో చెప్పలేదు.

ఊరి నడిమధ్యలో బజారు వీధి. మూల మీద బోర్డు చూపించి చదవమన్నాను. బాబాయి అక్షరం అక్షరం కూడబలుక్కుని, “స్టెప్నీ స్ట్రీట్” అన్నాడు. నా వైపు చూసి, మళ్లీ బోర్డు వైపు చూశాడు. “ఇదేంట్రా అబ్బాయ్, టైరు పేరు వీధికి పెట్టారు?”

“వీధి పేరే టైరుకి పెట్టారు బాబాయ్.”

అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి కథంతా చెప్పాను. తొలినాటి కార్లలో అదనపు చక్రం అన్నదే లేదు. చక్రాన్ని ఇప్పటిలా విప్పి వేరేది బిగించుకునే వీలూ లేదు. రోడ్ల నిండా గుర్రపు నాడాల మేకులు. ఒకటి గుచ్చుకుందంటే దారి పక్కన కూర్చుని టైరు విప్పి అతుకు వేసుకోవాల్సిందే. 1904లో ఈ ఊరి అన్నదమ్ములు, టామ్ డేవిస్, వాల్టర్ డేవిస్, దానికో ఉపాయం కనిపెట్టారు. ఊచలు లేని ఉత్త రిమ్ము, దాని మీద ముందే గాలి నింపిన టైరు. చక్రంలో గాలి పోతే దాన్ని విప్పకుండా, పక్కనే దీన్ని క్లాంపులతో బిగించుకుని వెళ్లిపోవడమే. తమ వీధి పేరే సరుక్కి పెట్టారు. అది దేశదేశాలకూ వెళ్లింది. మాల్టాలో ఇప్పటికీ స్టెప్నీయే అంటారు, బ్రెజిల్‌వాళ్లు ఎస్తెపె అంటారు. విప్పి బిగించుకునే చక్రాలు వచ్చాక ఆ రిమ్ము అవసరం తీరింది. బ్రిటన్ సరుకునీ మర్చిపోయింది, పేరునీ మర్చిపోయింది.

బాబాయి అడిగిన మొదటి ప్రశ్న చరిత్ర గురించి కాదు. “క్లాంపులు ఎన్ని? రెండు టైర్లు పక్కపక్కన ఉంటే బండి లాగెయ్యదూ?” చేతులతో గాల్లో రిమ్ము గీసి, ఎక్కడ బిగిస్తే నిలుస్తుందో తనే తేల్చుకున్నాడు. తర్వాత చాలాసేపు స్టెప్నీ గురించే మాట్లాడాడు. ఆయన అన్ని మాటలు మాట్లాడటం ఈ దేశం వచ్చాక నేను చూడలేదు.

“కొత్త టైరుని స్టెప్నీగా ఎవడుంచుతాడ్రా? అరిగిపోయి, ఇక దేనికీ పనికిరాదనుకున్నదాన్నే ఉంచుతారు. పంక్చరైతే దాన్ని బిగించి టైరు షాపు దాకా లాగిస్తారు. అసలు చక్రం బాగయ్యాక దీన్ని విప్పి మళ్లీ ఎక్కడిదక్కడ పడేస్తారు. అందాకా దాని మొహం కూడా చూడరు. కానీ అర్ధరాత్రి గన్నవరం దాటాక టైరు పేలినవాణ్ని అడుగు, దాని విలువేంటో చెప్తాడు.”

కారు దగ్గరికొచ్చాక, “నీ బండి స్టెప్నీ ఏదీ, చూపించు” అన్నాడు. తెరిచి చూపించాను. ఓ పంక్చరు మందు సీసా, చిన్న గాలి పంపు, అంతే. ఇప్పుడు చాలా కొత్త కార్లకు చక్రం ఇవ్వడం లేదు. మన దేశంలోనూ టైరు గాలి చెప్పే పరికరం, రిపేరు కిట్టు ఉన్న కార్లకు అదనపు చక్రం అక్కర్లేదని 2020లో నిబంధన మార్చారు. బాబాయి ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, “1904కి ముందుకి వెళ్లిపోయార్రా మళ్లీ” అన్నాడు.

బయల్దేరే ముందు ఆ బోర్డు కింద నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అది తన ఫోన్‌లో పడేదాకా నన్ను కదలనివ్వలేదు. “వాడికి చూపించాలి. వాడరు అన్నాడుగా! వాడకపోతే పోనీ, మీ ఊరి పక్కనే పుట్టిందిరా అని చెప్పాలి.” దారి పొడుగునా అదే మాట.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. బాబాయి ఫోన్‌లో ఫొటో తెరిచి పట్టుకుని, నాకంటే ముందే లోపలికి నడిచాడు. హాల్లో తమ్ముడు అటు తిరిగి స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. స్వచ్ఛమైన బెజవాడ తెలుగు.

“బాబుని చూసుకునే ఆవిడ ఏప్రిల్లోనే మానేసింది రా. వేరే దారి లేక, పుట్టినరోజని చెప్పి అమ్మావాళ్లని పిలిపించా. కొత్తావిడ సెప్టెంబర్లో వస్తానంది. రాగానే వీళ్లని ఫ్లైటెక్కించేస్తాం. ఇబ్బందేం లేదు, అందాకా లాగించడానికి స్టెప్నీ ఉందిగా!”