పరిహారం లేని నినాదం

దక్షిణాఫ్రికాలో 1913 నాటి స్థానికుల భూచట్టం నల్లజాతి ప్రజలకు దేశ భూభాగంలో దాదాపు 7 శాతాన్ని కేటాయించి, మిగిలినచోట వారు భూమి కొనకుండా నిషేధించగా, 1936లో ఆ వాటా సుమారు 13 శాతానికి పెరిగింది. వర్ణవివక్ష పాలన ముగిసి రెండు దశాబ్దాలు దాటాక, 2017లో ప్రభుత్వం వెలువరించిన భూపరిశీలన నివేదికలోనూ, వ్యక్తుల పేరిట ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం, జనాభాలో పదో వంతైనా లేని తెల్లవారి చేతుల్లోనే ఉన్నట్టు తేలింది. కనుక రాజకీయ నాయకుడు జూలియస్ మలేమా చెప్పుకునే అన్యాయం కల్పితమని ఎవరూ అనలేరు. ఆ అన్యాయం పరిష్కారం దరిదాపులకు పోకుండా ఆయన దానిని ఎంత జాగ్రత్తగా కాపాడుకొస్తున్నాడన్నదే చూడదగిన విషయం.

2010 ఏప్రిల్‌లో, పాలక ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ యువజన విభాగం అధ్యక్షుడిగా ఆయన జింబాబ్వే వెళ్లి, అక్కడి అధ్యక్షుడు ముగాబే భూస్వాధీనాన్ని మెచ్చుకుని వచ్చి, జొహానెస్‌బర్గ్‌లో విలేకరుల సమావేశం పెట్టి, ముగాబే ప్రత్యర్థి పక్షం శాండ్‌టన్ అనే ధనవంతుల పేటలో కార్యాలయం తెరిచి కూర్చుందని ఎద్దేవా చేశాడు. తమరి నివాసమూ అక్కడే కదా అన్న బీబీసీ విలేకరిని ఆయన తిట్టి బయటికి పంపించాడు. చిరునామా అడగడం విప్లవ ద్రోహమని ఆనాడే తేలిపోయింది.

2012లో పార్టీ బహిష్కరించగా, మరుసటి ఏడాది ఆయన ఎకనమిక్ ఫ్రీడమ్ ఫైటర్స్ పార్టీని స్థాపించి, పరిహారం చెల్లించకుండా భూమిని స్వాధీనం చేసుకోవడాన్ని దాని మూలసూత్రాల్లో మొదటిదిగా ప్రకటించాడు. 2014లో గెలిచిన 25 మంది సభ్యులు గని కార్మికుల ఎర్ర దుస్తుల్లో, పనిమనుషుల వేషంలో పార్లమెంటుకు వెళ్లారు. ఆ పార్టీ ప్రణాళిక ప్రకారం భూమి యావత్తూ రాజ్యం అధీనంలో ఉంటుంది, సాగుచేసేవాడికి గరిష్ఠంగా 25 ఏళ్ల అనుమతి, భూమిని అనుకున్న విధంగా వాడుతుంటే దాని పొడిగింపు దక్కుతాయి. దున్నేవాడిదే భూమి అన్న నినాదం విని పెరిగిన తెలుగు పాఠకుడు ఇక్కడ కాసేపు ఆగవలసిందే, ఎందుకంటే ఈ పథకంలో దున్నేవాడు కౌలుదారుగానే మిగిలిపోతాడు, మారేది ఆసామి ఒక్కడే.

అసలు ఘట్టం 2018 ఫిబ్రవరిలో మొదలైంది. న్యాయమైన పరిహారం చెల్లించాలని చెప్పే రాజ్యాంగ 25వ అధికరణాన్ని సమీక్షించాలని మలేమా పెట్టిన తీర్మానాన్ని, పాలకపక్షం కొన్ని సవరణలతో బలపరచగా, సభ 241–83 ఓట్లతో ఆమోదించింది. పరిహారం సున్నాగా కూడా ఉండవచ్చునన్న సవరణ బిల్లు 2021 డిసెంబరులో ఓటింగుకు వచ్చినప్పుడు, కావలసిన 267 ఓట్లకు 204 మాత్రమే పడ్డాయి, వ్యతిరేకంగా పడిన 145లో మలేమా పార్టీ ఓట్లూ ఉన్నాయి. పరిహారం సున్నా కావడం చాలదు, అసలు ఉండనే కూడదు, భూమి అంతా రాజ్యం పరం కావాలి అన్నది ఆ పార్టీ వాదన. సున్నా రాండ్లకూ ఏమీ ఇవ్వకపోవడానికీ గల భేదాన్ని భూమిలేని కూలీకి వివరించగల తార్కికుడు ఇంకా పుట్టవలసి ఉంది. పాలకపక్షానికి 230, మలేమాకు 44 స్థానాలున్న ఆ సభలో ఇద్దరూ పూర్తిగా కలిస్తే 274 ఓట్లు అయ్యేవి. కానీ పరిహారం లేని భూస్వాధీనం వద్దనే డెమోక్రాటిక్ అలయన్స్‌తో పాటే, భూస్వాధీనమే ఊపిరి అనే పార్టీ కూడా ఆ బిల్లును ఓడించింది. పాలకపక్షం సొంత సభ్యులందరి ఓట్లనైనా వేయించుకోలేకపోయింది గనుక దాని చిత్తశుద్ధిని గురించి చెప్పుకోకపోవడమే మర్యాద.

2024 ఎన్నికల్లో, మలేమా సభలో వెంటాడి వేధించిన మాజీ అధ్యక్షుడు జాకబ్ జుమా కొత్త పార్టీతో వచ్చి, అదే భూనినాదాన్ని ఎత్తుకుని 58 స్థానాలు గెలవగా, మలేమా బలం 44 నుంచి 39కి పడిపోయింది. కొన్ని నెలలకు ఉపనాయకుడు ఫ్లాయిడ్ షివాంబు సైతం జుమా పక్షాన చేరాడు. పరిహారం చెల్లించకుండా స్వాధీనం చేసుకోవడం ఎలాగో దేశానికి తొలిసారి ఆచరణలో తెలిసింది, అయితే స్వాధీనమైన ఆస్తి మలేమా నినాదం. 2025 జనవరిలో అధ్యక్షుడు రమఫోసా సంతకం చేసిన చట్టం కొన్ని పరిమిత సందర్భాల్లో సున్నా పరిహారాన్ని అనుమతించగా, అదీ చాలదని మలేమా పార్టీ తోసిపుచ్చింది. 1996 రాజ్యాంగంలోని 25వ అధికరణంలో మాత్రం ఇంతవరకు ఒక్క అక్షరమూ మారలేదు.