నాలుగ్గంటల పెద్దమనిషి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బస్టాండ్ల పక్క చాయ్ హోటళ్లలో తప్పక తారసపడే, గల్ఫులో పదిహేనేళ్లు చేసి వచ్చిన ఒక తరహా పెద్దమనిషి భూగోళాన్నంతా గంటల్లోనే కొలుస్తాడు. కిలోమీటర్లు అతని దృష్టిలో లారీ డ్రైవర్ల గొడవ. "దుబాయి ఎంత దూరమే, నాలుగు గంటలు! మనకు పట్నం పోను ఐదు గంటలాయె" అన్నది అతని మూలసూత్రం. ఇందులో అబద్ధం లేదు: కోరుట్ల నుంచి హైదరాబాదుకు రోడ్డున రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు కాగా, శంషాబాదు నుంచి దుబాయికి మహావృత్త దూరం, అనగా గ్లోబు మీద రెండు ఊళ్ల నడుమ నూలుపోగును బిగించి లాగితే తేలే దగ్గరి దారి, దాదాపు 2,550 కిలోమీటర్లు.

అయితే అతని గడియారం విమానం చక్రాలు నేల విడిచినప్పుడు మొదలై, నేల తాకగానే ఆగిపోతుంది. సకినాలు, మామిడి తొక్కు కట్టిన అట్టపెట్టెకు తాడు బిగించడం, సాగనంపే బంధువులతో కిరాయి బండిలో రాత్రంతా ప్రయాణం, పదో తరగతి దాటని వారి పాస్‌పోర్టుకు పడే 'ఈసీఆర్' గుర్తు, అంటే కొన్ని దేశాలకు కూలికి పోవాలంటే ముందుగా వలస అనుమతి తీసుకోవలసిన షరతు, దాని తనిఖీ, అవతల దిగాక క్యాంపు బస్సు కోసం పడిగాపులు, ఇవేవీ లెక్కలోకి రావు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరవక మునుపు బొంబాయి మీదుగా పోయిన పాతకాపు మాత్రం ఏజెంటు గదిలో వీసా కోసం పడుకున్న రోజులను కూడా కలుపుతాడు గనుక, అతని దుబాయి ఇరవై రోజుల దూరం. భీవండి మగ్గాల మీద కొన్నాళ్లు చేసి తర్వాత విమానమెక్కిన సిరిసిల్ల మనిషికి దుబాయి భీవండి కన్నా దగ్గర.

ఈ శాస్త్రంలో అసలు ఘట్టం టికెట్టు చదవడం. ఉదయం పదింటికి శంషాబాదులో ఎక్కినవాడు పన్నెండున్నరకు దుబాయిలో దిగుతాడు. అక్కడ పదింటికి ఎక్కినవాడు ఇక్కడ దిగేసరికి మూడవుతుంది. పోయేది పల్లం, వచ్చేది ఎగువ అని పెద్దమనిషి సిద్ధాంతం. దుబాయి సముద్రపుటొడ్డున, శంషాబాదు దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉన్న మాట నిజమే కాబట్టి చాయ్ తాగేవాళ్లు నోరెత్తరు. వాస్తవానికి దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడవడమే ఈ మాయకు కారణం. పైగా ఆకాశంలో ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలుల వల్ల, ముఖ్యంగా చలికాలంలో, ఇంటికి వచ్చే ప్రయాణమే అరగంట దాకా తక్కువ పడుతుంది. ఈ సంగతి చెప్పినవాడిని అతడు జాలిగా చూసి, "నువ్వు ఎక్కినవా?" అంటాడు.

చేతి గడియారాన్ని అతడు నేటికీ తిప్పలేదు, తిప్పడు కూడా. పొద్దున ఆరింటి పట్నం బస్సుకు ఆ గడియారం ప్రకారం ఆరింటికే, అంటే ఊరంతటికీ ఏడున్నరకు, సెంటు కొట్టుకొని వచ్చి నిలబడి, మన దగ్గర బస్సులు టైముకు రావని కంట్రోలరుతో తగవు పెట్టుకుంటాడు.