నాలుగు చుక్కల నూనె

నేను 3.5 సీసీ నైట్రో ఇంజిన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. రిమోట్ కారు పరుగంతా నాదే. ఊపు మీదున్నప్పుడు నిమిషానికి 30,000 చుట్లు దాటేస్తాను. రోడ్డు మీద పోయే మామూలు మోటారుసైకిల్ ఇంజిన్ అందులో మూడో వంతుకే రొప్పుతుంది. ఈ మాట చెప్పుకోవడం నాకెప్పుడూ ఇష్టమే.

నా పిస్టన్‌కు రింగులుండవు. ఇత్తడి స్లీవు లోపల క్రోమియం పూత, అందులో అల్యూమినియం పిస్టన్. స్లీవు పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. పిస్టన్ అక్కడికి చేరేసరికి బిగుసుకుంటుంది. ఆ బిగువే నా ప్రాణం. స్పార్క్ ప్లగ్ కూడా లేదు. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగను బ్యాటరీతో ఒక్కసారి ఎర్రగా కాలిస్తే చాలు, ఆపైన మిథనాల్ ఆవిరి తగులుతూ, మంట వేడికి అది తనంతట తానే రగులుతూ ఉంటుంది. అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ను బజారులోకి తెచ్చింది 1947లో. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే.

విశాఖలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ కుర్రాళ్ళు నలుగురు చందాలు వేసుకుని నన్ను కొన్నారు. టెక్ ఫెస్ట్‌లో నైట్రో కార్ల పోటీ. అల్యూమినియం రేకు కోసి, గొట్టాలు వంచి, ఛాసిస్ వాళ్ళే కట్టారు. హాస్టల్ మేడ మీద మొదటిసారి పుల్ స్టార్టర్ లాగినప్పుడు నేను పెట్టిన కేకకు కింది గదుల్లో దీపాలన్నీ వెలిగాయి. పోటీ రోజు ఎర్రమట్టి ట్రాక్, చెక్క ర్యాంపులు. ఏ మలుపులోనూ నేను ఆగలేదు. గెలిచాం. కారును తలల మీదికెత్తి ఊరేగించారు.

ఆ రాత్రి నన్ను ఉన్నదున్నట్టు అట్టపెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశారు. ట్యాంకులో సగం ఇంధనం అలాగే ఉంది. ఒళ్ళంతా నూనె, నూనె మీద మట్టి. రిసీవర్ డబ్బాలో బ్యాటరీలు.

అప్పుడు నాకు కావలసింది నాలుగు చుక్కల నూనె, అంతే. పెద్ద ఇంజిన్లకున్నట్టు నాకు విడిగా ఆయిల్ ట్యాంకు లేదు. ఇంధనంలో కలిసి వచ్చే నూనే నా లోపలి భాగాలను తడుపుతుంది. ఆ ఇంధనంలో నూటికి 20 పాళ్ళు నైట్రోమీథేన్, 10 పాళ్ళకు అటూ ఇటూ నూనె, మిగతాది మిథనాల్. మిథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఇంజిన్ ఆగాక లోపల మిగిలిపోయిన ఇంధనం ఆ చెమ్మతో కలిసి ఆమ్లంగా మారి ఉక్కును కొరుకుతుంది. విశాఖ సముద్రపు గాలి సంగతి వేరే చెప్పాలా? మొదట వెనక బేరింగు గుండ్ల మీద నారింజ రంగు చుక్కలు లేచాయి. తర్వాత క్రాంక్‌షాఫ్ట్ మీద. అంతా తెలుస్తూనే పడున్నాను. పైన మంచం మీద వాళ్ళు ఆ గెలుపు గురించే మాట్లాడుకునేవారు. నా పేరు రాని రోజు లేదు. వంగి చూసినవాడు మాత్రం లేడు.

ఇంధనంలోని నూనెలో ఆముదం కూడా ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ చేలల్లో పండే ఆ ఆముదమే. మంటలోనూ నన్ను విడవకుండా కాపాడే మంచి నూనె అది. కానీ తుడవకుండా వదిలేస్తే ముదురు పాకంలా గోధుమరంగులో గట్టిపడుతుంది. పైగా ఆగినప్పుడు నా పిస్టన్ పైకొచ్చి ఆగింది. వేడి స్లీవు చల్లారుతూ కుంచించుకుని దాన్ని పట్టేసింది. ఆ పట్టు మీద ఆముదం బిగిసింది.

మరుసటి ఫెస్ట్‌కు పెట్టె బయటికి తీశారు. బలం కొద్దీ తాడు లాగితే తాడే తెగింది. రిసీవర్ డబ్బాలో బ్యాటరీలు కారి కొసలకు తెల్లటి పొడి పట్టింది.

“ఇది పోయింది రా” అన్నాడు, నన్ను తలకెత్తుకున్నవాడే. వర్క్‌షాప్‌లో తుక్కు మూల చేరాను.

అక్కడ నన్ను చూసినవాడు ఒక జూనియర్. “అన్నా, ఇది నేను తీసుకోనా?”

“తీసుకో తమ్ముడూ, దాంట్లో ఏం లేదు.”

తుప్పు కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఈ పిల్లాడు తొందరపడలేదు. ముందు బయటి మట్టంతా పొడి బ్రష్‌తో దులిపాడు. ఎయిర్ ఫిల్టర్, గ్లో ప్లగ్ అప్పటిదాకా ముట్టుకోలేదు. ఒళ్ళు శుభ్రం కాకముందే వాటిని తీస్తే ఇసుక రేణువులు లోపలికి పోతాయి, ఒక్క రేణువు చాలు క్రోమియం పూతను గీరడానికి. తర్వాత ప్లగ్ తీసి, రంధ్రంలో నూనె వేసి, హీట్ గన్‌తో హెడ్‌ను వెచ్చబెట్టాడు. ఫ్లైవీల్‌ను వేళ్ళతో ఇటు కొంచెం, అటు కొంచెం కదిపాడు. ఆముదం కరిగి పిస్టన్ కిందికి జారింది. ఆ క్షణం నేను మళ్ళీ ఇంజిన్నయ్యాను. క్రాంక్‌కేసును బాగా వేడి చేసి చెక్క మీద తడితే తుప్పు బేరింగు దానంతటదే ఊడిపడింది. కొత్తది దొరకడానికి ఊరంతా తిరిగాడు.

ఇప్పుడు పరుగు అయ్యాక నన్ను అలా వదిలేయడు. ట్యాంకులో మిగిలింది నీడలో, నిప్పుకు దూరంగా సీసాలోకి వంచి మూత బిగిస్తాడు. మిథనాల్ విషం, పైగా పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు. ఆ సంగతి వాడికి తెలుసు. గొట్టంలో మిగిలిన బొట్టు కూడా కాలిపోయేదాకా నన్ను తిప్పుతాడు. ఇంకా గోరువెచ్చగా ఉండగానే ప్లగ్ రంధ్రంలోనూ కార్బురేటర్‌లోనూ నూనె చుక్కలు వేసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పుతాడు. ఫ్లైవీల్ మీద మార్కర్‌తో ఒక గీత గీశాడు. అది కిందికొస్తే నా పిస్టన్ అట్టడుగున ఉన్నట్టు లెక్క. అక్కడే ఆపుతాడు. ఫిల్టర్ స్పాంజిని ఉతికి, ఆరబెట్టి, నూనె రాసి తొడుగుతాడు. కారును నీళ్ళతో కడగడు, సర్వోలు, రిసీవర్ పాడవుతాయని. బ్యాటరీలు బయటికి తీస్తాడు. చక్రాలు నేలకు తగలకుండా చెక్క దిమ్మ మీద నిలబెడతాడు. స్ప్రింగుల మీద, టైర్ల మీద బరువు పడకూడదు కదా.

అయినా పోయిన బిగువు తిరిగి రాలేదు. చల్లగా ఉన్నప్పుడు బాగానే లేస్తాను, వేడెక్కాక నెమ్మదిగా తిరగలేక ఆగిపోతున్నాను. పిస్టన్, స్లీవు జతగా మార్చాలి, చవకేం కాదు. డబ్బులు కూడబెడుతున్నాడు. ట్రాక్ నడిమధ్య ఆగిపోయే ఇంజిన్ని పోటీకి ఎవరూ తీసుకెళ్ళరు. వీడు తీసుకెళ్తానంటున్నాడు, కొత్త జత వచ్చాక.