కోకాపేట తెలుగు సార్

కోకాపేట అద్దాల మేడల్లో లిఫ్టు దగ్గర ఎవరేమిటో పోల్చుకోవడం కష్టం. అందరి మెడలోనూ ఒకే రంగు తాడు, ఒకే ఐడీ కార్డు. తెలుగు సార్‌ని మాత్రం ఇట్టే పట్టేయొచ్చు. చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి, ఒకటి ఎరుపు. కాగితమే కనిపించని ఆఫీసులో ఎర్ర పెన్నెందుకని అడక్కండి, చెబుతారు.

ప్రైవేటు కాలేజీలో 12 ఏళ్లు తెలుగు చెప్పి, నలభైకి దగ్గరపడ్డాక జావా పట్టిన జాతి ఇది. మార్కులు దండిగా పడతాయని ఇంటర్ పిల్లలు సంస్కృతం వైపు మళ్లేసరికి ఆయన సెక్షన్లు కరిగిపోయాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటిందని పేపర్లో చదివి, సార్ అక్కడే లెక్క కట్టారు: చదరపు అడుగు 23 వేలు. అంటే తన నెల జీతంతో కోకాపేటలో ఒక కాలు పెట్టొచ్చు, రెండో కాలు వచ్చే నెల. మర్నాడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్లో తేలారు.

"రెజ్యూమేలో మూడేళ్ల అనుభవం వేసేద్దాం సార్" అన్నారక్కడ. అబద్ధం రాయనన్నారు. ఉన్నదున్నట్టు బోధనానుభవం రాస్తే ఎవరూ పిలవలేదు. చివరికి పిలిచినవాడు ఆయన దగ్గర సంధులు చదువుకున్న కుర్రాడే. ఇప్పుడు వాడే టీమ్ లీడ్.

వీళ్లిద్దరి మధ్య పొద్దుటి స్టాండప్ మీటింగ్ చూసి తీరాలి. "సార్, నిన్నటి టికెట్ అయిందా సార్?" అని లీడ్ చేతులు కట్టుకుంటాడు. "కూర్చో నాయనా" అంటారు సార్. దాంతో ఆ టీమ్ స్టాండప్ కూర్చునే జరుగుతుంది. అప్రైజల్ నాడు మరీ ఘోరం. గురువుకి ఐదుకి మూడు వేయడానికి వాడికి చేతులాడవు. నాలుగు వేస్తే, కారణం రాయలేదేమని సారే నిలదీస్తారు.

వ్యాకరణంలో చిన్నయసూరి బహుళమని వదిలేసిన చోటల్లా సార్ కూడా ఇన్నేళ్లూ పిల్లల్ని వదిలేశారు. కంపైలర్ వదలదు. సెమీకోలన్ మరిస్తే చాలు, తిప్పికొడుతుంది. కుర్రాళ్లు విసుక్కుంటారు, ఆయన మురిసిపోతారు. ఎర్రర్ మెసేజీని మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి ఆ అంతస్తు మొత్తమ్మీద ఆయనొక్కరే.

క్యాంటీన్‌లో పక్కన కూర్చుంటే పాణిని తప్పడు. దాదాపు నాలుగు వేల సూత్రాల్లో సంస్కృతాన్నంతా బిగించాడని మొదలై, ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాసే బాకస్ పద్ధతికి పాణిని పేరు చేర్చాలంటూ 1967లో ఇంగర్‌మన్ రాసిన ఉత్తరం మీదుగా, 1987లో పెర్ల్ భాషను తెచ్చిన లారీ వాల్ చదివింది భాషాశాస్త్రమేనన్న దగ్గర ప్రసంగం ఆగుతుంది. ఈలోగా బిర్యానీ చల్లారుతుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో పాణిని పద్ధతితో అనువాద యంత్రాల మీద పనిచేశారని మాత్రం నోరు జారకండి. సాయంత్రం దాకా లేవరు.

కోడ్ రివ్యూ అంటే మిగతావాళ్లు బొటనవేలు బొమ్మ పెట్టి పోతారు. సార్ ప్రతి వరుసా చదివి, "ఈ ఫంక్షన్ పేరుకీ అది చేసే పనికీ అన్వయం కుదరలేదు. మళ్లీ రాసుకురా. 6/10" అని పెడతారు. నిజం చెప్పొద్దూ, అర్ధరాత్రి సర్వర్ పడిపోయి అందరూ తలలు పట్టుకున్నప్పుడు, చదివితే అర్థమయ్యే ఫైళ్లు ఆయన రాసినవే.

మీ టీమ్‌లోకి ఓ తెలుగు సార్ వస్తున్నారని తెలిస్తే కంగారుపడకండి. ఎక్స్, వై, టెంప్, టెంప్ టూ అని పెట్టుకున్న పేర్లన్నీ ముందురోజు రాత్రే మార్చేసుకోండి.