ఓడిన రోజు ఆయన ఆయన కాదు

బాక్సింగ్ వీరాభిమానికి జరిగిన మ్యాచ్‌ల కంటే జరగని మ్యాచ్‌ల ఫలితాలే బాగా తెలుసు. 1990లలో బ్రిటన్‌ను ఊపేసిన సూపర్ మిడిల్‌వెయిట్ల మాట ఒక్కసారి ఎత్తి చూడండి. నైజెల్ బెన్ గొప్పా, క్రిస్ యూబాంక్ గొప్పా, స్టీవ్ కాలిన్స్ ఎన్నో మెట్టు మీద నిలబడాలి, వీళ్ళందరినీ జో కాల్జాగీ ఏ రౌండులో ముగించేవాడు, అమెరికా నుంచి రాయ్ జోన్స్ దిగితే ఏమయ్యేది... అన్నీ టకటకా చెప్పేస్తాడు. జరిగిన మ్యాచ్‌ల దగ్గరికొచ్చేసరికే కాస్త నసుగుతాడు. అక్కడ ఫలితాలు ముందే వచ్చేసి ఆయన చేతులు కట్టేశాయి మరి.

చేతులు కట్టేస్తే ఊరుకుంటాడా? అందుకే 'ప్రైమ్' అనే శాస్త్రం కనిపెట్టాడు. తన హీరో గెలిచిన రాత్రి ప్రైమ్‌లో ఉన్నాడు. ఓడిన రాత్రి ప్రైమ్ దాటిపోయింది, లేదా ఇంకా రాలేదు. అది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ముందుగా చెప్పమంటే మాత్రం చెప్పడు. ఫలితం తెలిశాకే ముహూర్తం పెడతాడు.

ఈ శాస్త్రం దెబ్బ గట్టిగా తగిలినవాడు ఐర్లండ్‌కు చెందిన స్టీవ్ కాలిన్స్. 1995 మార్చి 18న కౌంటీ కార్క్‌లోని మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊళ్ళో, గుర్రాల పోటీలు జరిపే గ్రీన్ గ్లెన్స్ అరీనాలో, అప్పటిదాకా ఓటమి ఎరగని యూబాంక్‌ను పాయింట్ల మీద ఓడించాడు. ఆ సెప్టెంబరులో కార్క్ నగరంలో మళ్ళీ ఓడించాడు. 1996లో మాంచెస్టర్‌లో బెన్‌ను రెండుసార్లు ఓడించాడు, రెండుసార్లూ పన్నెండు రౌండ్ల దాకా పోనివ్వలేదు. నాలుగింటికి నాలుగూ గెలిచినవాడు అభిమానుల పట్టికలో పైన ఉండాలి కదా? ఉండడు. మూడో నాలుగో స్థానంలో ఒదిగి కూర్చుని ఉంటాడు. ఎందుకయ్యా అంటే, యూబాంక్ అప్పటికే అలిసిపోయాడట, బెన్‌కు మొదటిసారి చీలమండ బెణికిందట, రెండోసారి మనసు లేదట. పాపం కాలిన్స్ ఎవరితో తలపడినా వాళ్ళ ప్రైమ్ సరిగ్గా ముందు రోజు సాయంత్రమే ముగిసిపోయేది. ఇంకో ముచ్చట వినండి. మిల్‌స్ట్రీట్ రాత్రి కాలిన్స్‌కు 30 ఏళ్ళు, 'వయసు మళ్ళిన' యూబాంక్‌కు 28.

అసలు ఆ రాత్రి యూబాంక్‌ను ఇబ్బంది పెట్టింది వయసు కాదు, ప్రేక్షకుడు దొరకకపోవడం. మామూలుగా ఆయన రింగులోకి రావడమే ఒక ఊరేగింపు. టీనా టర్నర్ పాట మోగుతుంటే మెల్లగా నడిచొచ్చి, అంచు మీద ఆగి, తాళ్ళ మీంచి ఒక్క గెంతులో లోపలికి దూకి, గెడ్డం పైకెత్తి బొమ్మలా నిలబడేవాడు. సగం మంది ప్రత్యర్థులు అక్కడే చిరాకుపడి సగం ఓడిపోయేవారు. కాలిన్సేమో టోనీ క్విన్ అనే గురువు తనను హిప్నటైజ్ చేశాడని ముందే ప్రచారం చేసి పెట్టాడు. తీరా సమయానికి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన మూలలో కూర్చుండిపోయాడు, ఆ గెంతు వైపు కన్నెత్తి చూడలేదు. దీన్ని కాలిన్స్ తెలివి అంటారా? అనరు. యూబాంక్ దురదృష్టం అంటారు. ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం గానీ, ఆడినవాడి తరఫున ముప్ఫై ఏళ్ళ తర్వాత చూసినవాడు మద్దెలను తిట్టడం ఇక్కడే చూస్తాం.

ఇక కూడికల పండితులు వేరే ఉన్నారు. ఒకడు రెండోవాణ్ణి కొట్టాడు, రెండోవాడు మూడోవాణ్ణి కొట్టాడు, కాబట్టి మొదటివాడు మూడోవాణ్ణి కొట్టి తీరతాడు. లెక్క బాగానే ఉంది. 1995 జులైలో బెన్ లండన్‌లో ఇటలీవాడు విన్సెంజో నార్డియెల్లోను 8వ రౌండులో ముగించాడు. 1996 మార్చిలో దక్షిణాఫ్రికా బాక్సర్ 'షుగర్ బాయ్' మలింగా నలభై ఏళ్ళ వయసులో న్యూకాజిల్ వచ్చి బెన్ దగ్గర డబ్ల్యూబీసీ ప్రపంచ టైటిల్ బెల్టు పట్టుకుపోయాడు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ మలింగా దగ్గర దాన్ని లాక్కున్నది ఎవరు? బెన్ చేతిలో చావుదెబ్బలు తిన్న నార్డియెల్లోనే. పోనీ అక్కడితో ఆగిందా? నార్డియెల్లో దగ్గర ఇంగ్లండ్‌వాడు రాబిన్ రీడ్ లాక్కున్నాడు, 1997 డిసెంబరులో రీడ్ దగ్గర మళ్ళీ మలింగాయే లాక్కున్నాడు. కూడిక మొదలెట్టిన పండితుడు గానుగ చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తాడు. ఇదే మలింగాను 1992లో యూబాంకూ బెన్నూ, 1993లో రాయ్ జోన్సూ ఓడించి ఉన్నారని గుర్తు చేస్తే, "అప్పటికి మలింగా ప్రైమ్ రాలేదు" అంటాడు. నలభై దాటాక వచ్చిందన్నమాట!

అమెరికా పక్షం తక్కువ తిన్నదేమీ కాదు. 1994 నవంబరులో లాస్ వేగాస్‌లో జేమ్స్ టోనీని రాయ్ జోన్స్ పన్నెండు రౌండ్లూ ఆడుకున్నాడు. టోనీకి అదే మొదటి ఓటమి. ఆయన అభిమానుల తీర్పు ప్రకారం గెలిచింది జోన్స్ కాదు, తూకం మిషను. సూపర్ మిడిల్‌వెయిట్ పరిమితి 168 పౌండ్లకు, అంటే 76 కిలోల పైచిలుకుకు దిగడానికి టోనీ నీరసించిపోయాడట. నిజమే, బాగా బరువు దించాల్సి వచ్చింది. కానీ బరువు దించుకోవడం ఈ ఆటలో భాగం కాదని ఎవరన్నారు? ఆ జోన్స్‌నే 2008లో కాల్జాగీ ఓడించాడు. అప్పటికి జోన్స్‌కు 39 ఏళ్ళు. కాల్జాగీ పక్షం దాన్ని నిండు విజయం కింద రాసుకుంది. ఆ కాల్జాగీయే 1997లో షెఫీల్డ్‌లో యూబాంక్‌ను ఓడిస్తే, కొద్దిరోజుల ముందు పిలిస్తే వచ్చినవాణ్ణి ఓడించడం కూడా గెలుపేనా అని యూబాంక్ పక్షం ఈసడించింది. ఎవడు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్ళు.

ఈ పట్టికలు ఇంతవరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. మార్కులు వేసే తీరు చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

యూబాంక్‌కు ఒక మార్కు ఎప్పుడూ తగ్గుతుంది. టైటిల్ కాపాడుకున్న మ్యాచ్‌ల్లో చాలావాటిని నాకౌట్ లేకుండా పాయింట్లతో నెట్టుకొచ్చాడట, ముగించే దమ్ము లేదట. దమ్ము ఎక్కడ పోయిందో అందరికీ తెలుసు. 1991 సెప్టెంబరు 21న లండన్‌లోని వైట్ హార్ట్ లేన్ మైదానంలో ప్రత్యర్థి మైకేల్ వాట్సన్ పాయింట్లలో ముందున్నాడు, 11వ రౌండులో యూబాంక్‌ను పడేశాడు కూడా. లేచిన యూబాంక్ అదే రౌండు చివర్లో కింది నుంచి పైకి ఒక్క గుద్దు గుద్దాడు. వాట్సన్ తల వెనక్కి వెళ్ళి తాడుకు తగిలింది. 12వ రౌండులో మ్యాచ్ ఆపేశారు, వాట్సన్ కూలిపోయాడు. మెదడుకు దెబ్బ తగిలితే వెంటనే చేయాల్సిన చికిత్సకు రింగు పక్కన ఏర్పాటు లేదు. 40 రోజులు కోమా, ఆరు ఆపరేషన్లు. బాధ్యత మీదేనని 2000లో అప్పీలు కోర్టు బ్రిటిష్ బాక్సింగ్ బోర్డుకు చెప్పింది, పరిహారం కట్టడానికి బోర్డు తన ఆఫీసు భవనమే అమ్ముకుంది. ఆ రాత్రి తర్వాత ఎదుటివాణ్ణి ముగించడానికి చేతులు రాలేదని యూబాంకే ఒప్పుకున్నాడు. మనవాళ్ళు ఆ చేతులకు ఒక మార్కు కోశారు.

1995 ఫిబ్రవరి 25న లండన్ అరీనాలో బెన్, అమెరికావాడు జెరాల్డ్ మెక్‌క్లెల్లన్‌తో తలపడ్డ రాత్రి మీద వాదన ఇంకా అధ్వాన్నం. మొదటి రౌండులోనే బెన్ తాళ్ళ మధ్య నుంచి బయటికి పడ్డాడు. రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడని మూడు దశాబ్దాలుగా స్టాప్‌వాచ్ పట్టుకుని టేపు వెనక్కీ ముందుకీ తిప్పుతున్నారు. ఆ టేపులోనే తర్వాతి రౌండ్లలో మెక్‌క్లెల్లన్ కళ్ళు అదే పనిగా ఆర్పుతున్నాడు, పళ్ళకు పెట్టుకున్న గార్డు నోట్లోంచి వేలాడుతోంది. వాటికి స్టాప్‌వాచ్ పట్టినవాడు లేడు. 10వ రౌండులో మెక్‌క్లెల్లన్ మోకాలి మీద కూర్చుని లెక్క ముగిసేదాకా లేవలేదు. చూపు పోయింది, వినికిడి చాలావరకు పోయింది. "మెక్‌క్లెల్లన్ ప్రైమ్‌లో ఉంటే..." అని మొదలెడతారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళండీ!

బెన్, యూబాంక్‌ల సొంత లెక్క ఏమైందంటారా? 1990లో బర్మింగ్‌హామ్‌లో యూబాంక్ 9వ రౌండులో గెలిచాడు, కాకపోతే అది 160 పౌండ్ల మిడిల్‌వెయిట్. 1993లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో నలభై వేల మందికి పైగా జనం ముందు 168 పౌండ్లలో కలిశారు. ఒక జడ్జి బెన్ అన్నారు, ఒకరు యూబాంక్ అన్నారు, మూడోవారు 114-114 అని చేతులు దులుపుకున్నారు. నడుం కింద గుద్దినందుకు 6వ రౌండులో పోయిన ఒక్క పాయింటు పోకపోతే బెన్ గెలిచేవాడు. గుద్దకపోతే పోయేది కాదు.

ఇప్పుడు తండ్రుల ఖాతాలో కొడుకులు జమ చేస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో, పాత వైట్ హార్ట్ లేన్ ఉన్నచోటే కట్టిన టాటెన్‌హామ్ స్టేడియంలో, యూబాంక్ జూనియర్ పాయింట్ల మీద కానర్ బెన్‌ను ఓడించాడు. తూకంలో పౌండులో ఇరవయ్యో వంతు ఎక్కువ తూగినందుకు 3,75,000 పౌండ్ల జరిమానా కూడా కట్టాడు. నవంబరులో అక్కడే కానర్ బదులు తీర్చుకున్నాడు. వెరసి యూబాంక్ ఇంటికి రెండు, బెన్ ఇంటికి ఒకటి, ఒకటి డ్రా. ఈ నాలుగింట్లో సూపర్ మిడిల్‌వెయిట్ మ్యాచ్ ఆ డ్రా ఒక్కటే. మనవలు గ్లవ్స్ తొడిగేదాకా ఆగండి బాబూ అంటే వీరాభిమానికి ఓపిక లేదు. వాళ్ళలో ఎవరు ఏ రౌండులో ఓడిపోతారో, ఆ రాత్రి అది వాళ్ళ ప్రైమ్ ఎందుకు కాదో ఇప్పుడే రాసి పెట్టుకున్నాడు.